కూర్చుని నడిచేవాడెవడు?

ముందు ఒక ప్రశ్న, కిందకి స్క్రోల్ చెయ్యకుండా ఒక్క నిమిషం ఆలోచించండి.

జీవితంలో మొదటిసారి పట్నం వచ్చిన ఒక రెడ్ ఇండియన్, వీధిలో ఒక తెల్లాయన దేనిమీదో ఎక్కి వెళ్ళడం చూశాడు. చూసి, "తెల్లోడు ఒట్టి సోమరిపోతు, కూర్చుని నడుస్తున్నాడు" అన్నాడు. ఇంతకీ ఆ తెల్లాయన దేనిమీద వెళ్తున్నాడు?

పిల్లల పత్రికలో ఏ మూలో వేసే పొడుపు కథలా ఉంది కదా, కానీ ఇది లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్టు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1916లో తయారుచేసిన ఐక్యూ టెస్ట్‌లో ప్రశ్న, 14 ఏళ్ళ వయసు స్థాయికి పెట్టింది. ఇవాళ మనం ఐక్యూ ఐక్యూ అంటున్న నంబరుని జనం నోళ్ళలో పడేసిన టెస్ట్ అది. జవాబు సైకిల్. సైకిల్ ఒక్కటే. గుర్రం అంటే తప్పు (ఎక్కువమంది పిల్లలు చెప్పిన తప్పు జవాబు అదేనట), ఎందుకంటే రెడ్ ఇండియన్‌కి గుర్రం తెలీకపోవడం ఏంటి అని. కారు అంటే తప్పు, కారులో కూర్చున్నవాడి కాళ్ళు ఆడవు. చక్రాల కుర్చీ అన్నవాళ్ళున్నారు, ఇంకొకడి వీపు మీద ఎక్కి వెళ్తున్నాడు అన్నవాళ్ళున్నారు, వాళ్ళకీ సున్నానే.

వీపు మీద ఎక్కి వెళ్తున్నాడు అన్న పిల్లాడికి సున్నా వెయ్యడం నాకు అస్సలు నచ్చలేదు. సోమరిపోతు అన్న మాటకి అతికినట్టు సరిపోయే జవాబు అది, సైకిల్ తొక్కేవాడు సోమరి ఎలా అవుతాడు అసలు. పొడుపు కథలు వేసుకునే చోట ఆ పిల్లాడు ఈ జవాబు చెప్పుంటే కనీసం ఐదు నిమిషాల గొడవ జరిగేది, "నీది కాదు" "ఎందుక్కాదు, నువ్వు చెప్పినవన్నీ సరిపోయాయి కదా" అని, ఆ గొడవలో వాడి తెలివెంతో అందరికీ తెలిసేది. టెస్ట్‌లో ఆ గొడవకి చోటు లేదు, ఒక గడి, అందులో ఒక అంకె, తర్వాతి ప్రశ్న.

పొడుపు కథ తెలివిని కొలుస్తుందా, ఐక్యూ టెస్ట్ కొలుస్తుందా అనే చర్చ వచ్చినప్పుడల్లా జనం రెండు పార్టీలైపోతారు. ఒకళ్ళు "మన పూర్వీకులకి ఈ టెస్టులేవీ అక్కర్లేదు, అంతా పొడుపు కథల్లోనే ఉంది" అంటారు, ఇంకొకళ్ళు "అవన్నీ పిల్లకాయల ఆటలు" అంటారు. నాకు రెండూ ఒప్పవు. ముందు ఒక పొడుపు కథని దగ్గరగా చూద్దాం.

గోడమీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చేపోయేవారికి వడ్డించే బొమ్మ. ఏంటది?

తేలు. విని ఉంటారు చాలామంది. కానీ మొదటిసారి విన్నవాడి బుర్రలో ఏం జరుగుతుందో చూడండి. గోడమీద బొమ్మ అనగానే ఫ్రేము కట్టి మేకుకి తగిలించిన పటం కళ్ళముందుకొస్తుంది, అంటే కదలని వస్తువు. గొలుసుల బొమ్మ అనగానే ఆ పటానికి నగలు పెట్టేస్తాం. ఇక వచ్చేపోయేవారికి వడ్డించే అనేసరికి ఆ బొమ్మ ఇంటి ఇల్లాలైపోతుంది, చేతిలో గరిటె కూడా వచ్చేస్తుంది. మూడు ముక్కల్లో మనల్ని ఎంత దూరం తీసుకెళ్ళి వదిలేసిందో చూడండి. ఇప్పుడు జవాబు దొరకాలంటే కట్టుకున్న ఆ బొమ్మంతా మనమే కూలగొట్టుకోవాలి, కదలనిది కాదు కదిలేదేమో, గొలుసు నగ కాదేమో, ముక్కముక్కలుగా అతుక్కున్న తోకేమో, వడ్డించడం అంటే తగిలించడమేమో అని. చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు, మోసం చేసింది మన ఊహే. కట్టుకున్న ఊహని చప్పున వదిలేసి ఇంకోవైపు నుంచి చూడగలగడం, పొడుపు కథ పరీక్షించేది ముఖ్యంగా ఇదీ అని నా అభిప్రాయం. పోలికలకీ పొడుపు కథలకీ చుట్టరికం ఉందని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు, మంచి పొడుపు కథల్లోంచి మంచి రూపకాలు తీసుకోవచ్చని.

ఇప్పుడు దీన్ని టెస్ట్ పక్కన పెట్టండి. డేవిడ్ వెక్స్‌లర్ పేరుమీద ఉన్న టెస్టుల్లో (1939లో మొదలయ్యాయి, ఇప్పటికీ పిల్లలకీ పెద్దలకీ వేరువేరుగా వాడుతున్నారు) పోలికలు అని ఒక భాగం ఉంటుంది, రెండు వస్తువులు చెప్పి వీటిలో ఒకేలా ఉన్నదేంటి అని అడుగుతారు. జాతి పేరు చెప్తే రెండు మార్కులు, పైపై పోలిక చెప్తే ఒకటి, లేదంటే సున్నా. తేలూ సాలీడూ ఎలా ఒకటి అని అడిగారనుకోండి, రెండూ ఒకే వర్గం జీవులు, ఎనిమిది కాళ్ళవి అంటే మార్కులు వస్తాయి. తేలూ వడ్డించే ఇల్లాలూ ఎలా ఒకటి అనేది అక్కడ ప్రశ్నే కాదు. అలా అడిగితే టెస్ట్ రాసినవాడికే పిచ్చి అంటారు. అంటే పోలిక పట్టడమనే పనిని రెండూ అడుగుతున్నాయి, కానీ ఒకటి అల్మరాలో సర్దినట్టు వర్గాలుగా పెట్టమంటుంది, ఇంకోటి వర్గాలన్నీ చెదరగొట్టి కలపమంటుంది.

వర్గాలుగా సర్దడమే తెలివి అని ఎవరు చెప్పారు అనే ప్రశ్న కొత్తదేం కాదు. 1931-32లో అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ సైకాలజిస్టు ఉజ్బెకిస్తాన్ పల్లెల్లోకి వెళ్ళి, చదువు లేని రైతులకి సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి వీటిలో ఇమడనిది ఏదీ అని అడిగాడు. బడికెళ్ళినవాడు ఠక్కున దుంగ అంటాడు, మిగతావి పనిముట్లు కాబట్టి. ఆ రైతులు మాత్రం అన్నీ ఉండాల్సిందే అన్నారు, ఒకాయనైతే పనిముట్లుంటే సరా, కర్ర లేకపోతే వాటితో ఏం చేస్తాం అన్నాడు. ఇందులో తెలివితక్కువ ఎక్కడుందో నాకైతే కనపడదు.

లైబీరియాలో క్పెల్లె అనే జాతి వాళ్ళతో జరిగింది ఇంకా బాగుంటుంది. కొన్ని వస్తువులిచ్చి గుంపులుగా పెట్టమంటే కత్తిని నారింజ పండుతో పెట్టారు, అది దీన్ని కోస్తుంది కాబట్టి, తెలివైనవాడు ఇలాగే పెడతాడు అని కూడా అన్నారు. పరిశోధకుడు విసిగిపోయి, సరే తెలివితక్కువవాడైతే ఎలా పెడతాడు అని అడిగాడు. అప్పుడు చకచకా తిండి వస్తువులన్నీ ఒకచోట, పనిముట్లన్నీ ఒకచోట పెట్టి చూపించారు, సరిగ్గా టెస్ట్‌లో ఫుల్ మార్కులొచ్చే జవాబు! వాళ్ళకి ఆ పని రాక కాదు, అది తెలివైన పని అని వాళ్ళు అనుకోలేదు, అంతే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. జేమ్స్ ఫ్లిన్ అనే ఆయన 1980ల్లో చాలా దేశాల లెక్కలు తీసి చూస్తే, ఐక్యూ స్కోర్లు పదేళ్ళకి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయని తేలింది. మరి మన ముత్తాతలందరూ మందబుద్ధులా అంటే అలా కుదరదు కదా. ఫ్లిన్ చెప్పిన ఉదాహరణే చెప్తా, కుక్కకీ కుందేలుకీ ఏంటి సంబంధం అంటే పాతకాలం మనిషి కుక్కతో కుందేలుని వేటాడతాం అంటాడు, ఇప్పటి పిల్లాడు రెండూ పాలిచ్చే జంతువులు అంటాడు. ఇద్దరూ కరెక్టే, మార్కులు మాత్రం రెండోవాడికి. విచిత్రం ఏంటంటే అసలు మాటలే లేకుండా ఆకారాల వరసలో ఖాళీ నింపమనే రేవన్ టెస్ట్ ఉంది కదా, 1938 నాటిది, ఇది ఏ సంస్కృతివాడికైనా ఒకటే అని చాలాకాలం నమ్మారు, తీరా చూస్తే పెరుగుదల బాగా ఎక్కువ కనపడ్డవాటిలో అదీ ఒకటి.

టెస్టుల్ని పూర్తిగా తిట్టడం కూడా న్యాయం కాదు. ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ అనే ఫ్రెంచివాళ్ళు 1905లో పారిస్‌లో తెలివి కొలిచే మొదటి స్కేలు తయారుచేసింది ఎవరు గొప్ప ఎవరు తక్కువ అని లైన్లో నిలబెట్టడానికి కాదు, బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా సాయం కావాలో పట్టుకోడానికి. అంతకుముందు ఆ నిర్ణయం టీచరు మూడ్ మీద ఆధారపడి ఉండేది, అల్లరి చేసేవాడూ సిగ్గరీ అందరూ మొద్దుల ఖాతాలోకి పోయేవాళ్ళు. తెలివి అంటే పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయేది అనేవాళ్ళ మీద బినే గట్టిగానే విరుచుకుపడ్డాడు కూడా. ఆయన 1911లో పోయాడు, ఆ స్కేలు మాత్రం సముద్రం దాటి అమెరికా వెళ్ళి ఇంకో అవతారం ఎత్తింది, 1917-18లో సైన్యంలో చేరేవాళ్ళకి సుమారు 17 లక్షలమందికి టెస్టులు పెట్టేశారు. అందులో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారకమా, టూత్‌పేస్టా, తినేదా? అది అమెరికాలో అమ్మే వంట కొవ్వు బ్రాండు. నిన్నగాక మొన్న ఓడ దిగిన ఇటాలియన్‌కి అది తెలీకపోతే వాడి బుర్ర తక్కువైనట్టు లెక్క. చదువు రానివాళ్ళకి బొమ్మల టెస్ట్ పెట్టారు, అందులో నెట్ లేని టెన్నిస్ కోర్టు బొమ్మ వేసి ఏం లోపించిందో గీయమన్నారు, టెన్నిస్ అనేదే చూడనివాడిని!

పొడుపు కథలేమన్నా దీనికి అతీతమా అంటే అదీ లేదు, అవి ఇంకా ఘోరం ఒక్కోసారి. బైబిల్లో సమ్సోను తన పెళ్ళి విందులో 30 మందికి పొడుపు కథ వేస్తాడు, తినేదానిలోంచి తిండి వచ్చింది, బలమైనదానిలోంచి తీపి వచ్చింది అని, ఏడు రోజుల గడువు, పందెం 30 జతల బట్టలు. జవాబు ఏంటంటే, ఆయన చంపిన సింహం కళేబరంలో తేనెటీగలు పట్టు పెట్టాయి, ఆ తేనె ఆయన తిన్నాడు. ఇది ఆయనకి తప్ప ఎవ్వరికీ తెలీదు, అమ్మానాన్నలకి కూడా చెప్పలేదు. ఇదేం పొడుపు కథండీ, నా జేబులో ఏముందో చెప్పు అన్నట్టుంది. వాళ్ళేమో పెళ్ళికూతుర్ని బెదిరించి జవాబు రాబట్టారు, అంటే పేపర్ లీకేజి అప్పటికే ఉందన్నమాట. క్రిస్కో ప్రశ్నా ఇదీ ఒకటే రకం, అడిగేవాడి బతుకు తెలిస్తేనే జవాబు తెలిసేవి.

మన వైపు శాస్త్రకారులు ఈ విషయంలో కాస్త నిజాయితీగానే ఉన్నారనిపిస్తుంది. సంస్కృత పండితుడు దండి కావ్యాదర్శంలో ప్రహేళికల్ని, అంటే పొడుపు కథల్ని, 16 రకాలు చేసి చెప్పాడు, అవి దేనికి పనికొస్తాయో కూడా చెప్పాడు: సరదా గోష్ఠుల్లో వినోదానికి, జనం మధ్యలో తెలిసినవాళ్ళు గుట్టుగా మాట్లాడుకోడానికి, ఎదుటివాళ్ళని తికమక పెట్టడానికి. మూడే. తెలివి కొలవడానికి అనే మాట లేదు.

యక్షప్రశ్నల్లో కూడా చూడండి, నిద్రపోయినా కన్ను మూయనిది ఏది అంటే చేప, పుట్టినా కదలనిది గుడ్డు, గుండె లేనిది రాయి, వేగంతో పెరిగేది నది, ఇవన్నీ అచ్చంగా పొడుపు కథలే, ధర్మరాజు టకటకా చెప్పేస్తాడు. కానీ యక్షుడు అక్కడితో వదల్లేదు, తమ్ముళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తా ఎవరు కావాలి అని అడిగాడు, ధర్మరాజు భీముణ్ణీ అర్జునుణ్ణీ వదిలేసి నకులుణ్ణి అడిగాడు, కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలి కదా అని. నలుగురూ లేచి కూర్చుంది ఆ జవాబుకి. దాన్ని ఏ స్కోరు షీటులో వేస్తారు?

టెస్టులు చేసేవాళ్ళు పొడుపు కథల్ని పట్టించుకోకపోవడానికి గట్టి కారణం ఒకటుంది. ఒకసారి విన్నాక పొడుపు కథ జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుంది. "కిటకిట తలుపులు" అని మొదలెట్టగానే "కనురెప్పలు" అని అరిచే పిల్లాడు ఆలోచించి చెప్పాడా గుర్తుపెట్టుకుని చెప్పాడా ఎవడు చెప్పగలడు. ఇవాళా రేపూ పెడితే ఒకే స్కోరు రావాలి అనేది టెస్ట్‌కి మొదటి రూలు, పొడుపు కథ అక్కడే తన్నేస్తుంది. దానికి తోడు కాలం మారితే జవాబూ మారిపోతుంది. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది అంటే ఒకప్పుడు ఉత్తరం. ఇప్పటి పిల్లల్ని అడిగితే డ్రోన్ అంటారు, మెసేజ్ అంటారు. నాలుగు కర్రల మధ్య నల్లరాయి అంటే పలక అని మనకి తెలుసు, వాళ్ళు ట్యాబ్ అంటారు, పోనీ తప్పని చెప్పండి చూద్దాం. టెస్టులకీ ఈ బాధ ఉంది, అందుకే కొన్నేళ్ళకోసారి ప్రశ్నలు మార్చి, సగటు మళ్ళీ 100కి వచ్చేలా సరిచేస్తుంటారు. పొడుపు కథలకి ఆ కమిటీ లేదు, జనమే మారుస్తారు, లేదా వదిలేస్తారు.

పొడుపు కథలోని ఆ మెరుపుని టెస్ట్‌లో పెట్టాలని ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. 1962లో మెడ్నిక్ అనే సైకాలజిస్టు మూడు మాటలిచ్చి మూడింటినీ కలిపే నాలుగో మాట చెప్పమన్నాడు. మన భాషలో చెయ్యాలంటే ఇలా అడగొచ్చు: పిట్ట, ఎముకలు, సాలీడు. (ఆగి ఆలోచించండి. గూడు.) 2005లో షేన్ ఫ్రెడరిక్ పెట్టినది ఇంకా ఫేమస్, బ్యాటూ బంతీ కలిపి 1 డాలర్ 10 సెంట్లు, బ్యాట్ ధర బంతికంటే 1 డాలర్ ఎక్కువ, బంతి ఎంత? నోటికి మొదట వచ్చేది 10 సెంట్లు, జవాబు 5. ఇది పొడుపు కథకి దగ్గరే, ఆ మొదటి జవాబుని నమ్మితే చిక్కుకుంటాం. కానీ ఇప్పుడు ఇది ఇంటర్నెట్లో ఎంత తిరిగిందంటే చాలామంది చూడగానే 5 అనేస్తారు, మళ్ళీ జ్ఞాపకశక్తి దగ్గరికే వచ్చాం. కంపెనీ ఇంటర్వ్యూల్లో విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటివి అడిగే ఫ్యాషన్ ఒకటి నడిచింది, 2013లో గూగుల్ హెచ్‌ఆర్ పెద్ద లాజ్లో బాక్ స్వయంగా అవి టైం వేస్ట్ అనీ, ఉద్యోగంలో ఎవడెలా చేస్తాడో వాటితో ఏం తెలీదనీ, అడిగేవాడికి నేను తెలివైనవాణ్ణి అనే ఫీలింగ్ తప్ప ఏం మిగలదనీ చెప్పేశాడు. అడిగేవాడి అహం సంగతి పొడుపు కథ వేసే ప్రతి మావయ్యకీ తెలుసు లెండి.

అయితే నాకు అసలు తేడా వేరే చోట కనిపిస్తుంది. టెస్ట్ పెట్టేవాడికి గట్టి రూలు, సాయం చెయ్యకూడదు, మొహంలో కూడా ఏం కనపడకూడదు, అందరికీ ఒకే మాటలు ఒకే టైము. పొడుపు కథ వేసేవాడు మాత్రం మొదటి నిమిషం నుంచీ సాయం చేస్తూనే ఉంటాడు, ప్రాణం ఉందా అంటే ఉందంటాడు, తింటామా అంటే ఛీ అంటాడు, దగ్గరికొచ్చావ్ అంటాడు, చివరికి ఓడిపోయానని ఒప్పుకుంటేనే విప్పుతాడు. ఒకడికి ఒక్క క్లూతో తెలిసిపోతుంది, ఇంకొకడికి ఆరు క్లూలిచ్చినా పటం బొమ్మ దగ్గరే ఉంటాడు. ఏ క్లూ దగ్గర ఎవడి మొహం వెలిగిందో చూస్తే వాడి బుర్ర ఎలా కదులుతుందో తెలుస్తుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, పిల్లాడు ఒంటరిగా ఏం చెయ్యగలడు అనేదాని కంటే కాస్త సాయం చేస్తే ఎంతవరకు రాగలడు అనేది చూడాలని రష్యన్ సైకాలజిస్టు వైగాట్‌స్కీ 1930ల్లోనే అన్నాడు, తర్వాత ఇజ్రాయెల్‌లో ఫాయర్‌స్టైన్ అనే ఇంకో సైకాలజిస్టు వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలకి అలాగే నేర్పుతూ పరీక్షించే పద్ధతి పెట్టాడు, మామూలు టెస్టుల్లో అడుక్కి పోయిన పిల్లలు ఆ పద్ధతిలో ఎంత నేర్చుకోగలరో చూపించాడు. ఇది మనిషికి మనిషి కూర్చుంటే తప్ప జరగదు, టైం పడుతుంది, లక్షలమందికి పెట్టలేం, అందుకే గడులూ అంకెలూ గెలిచాయి. గెలవడం అన్యాయం కూడా కాదు, లక్షమంది పిల్లల్లో ఎవరికి సాయం కావాలో తేల్చాలంటే నేను కూడా గడుల టెస్టే పెడతాను.

కానీ ఒక్క పిల్లాడు ఎదురుగా కూర్చుంటే మాత్రం పొడుపు కథ అడగను, వాడినే ఒకటి తయారుచెయ్యమంటాను. విప్పడం కంటే పొడవడం చాలా కష్టం, వస్తువుని తెలిసినవాడికి సరిగ్గా పట్టుబడేలా, తెలియనివాడికి ఇంకోలా కనపడేలా చెప్పాలి, అంటే ఎదుటివాడి బుర్రలో ఏ బొమ్మ లేస్తుందో ముందే లెక్కెయ్యాలి. చిన్నపిల్లలు మొదట్లో చేసేవి చాలా మజాగా ఉంటాయి, "నాకు ఇష్టమైనది, నిన్న తిన్నాను, ఏంటది" అని సమ్సోను టైపులో వేస్తారు, వాళ్ళకి తెలిసింది మనకి తెలీదు అన్న సంగతి ఇంకా పట్టదు. కాస్త పెద్దయ్యాక వస్తువుని ఉన్నదున్నట్టు వర్ణిస్తారు, చల్లగా ఉంటుంది తలుపు ఉంటుంది లోపల లైటు వెలుగుతుంది అని. దాచడం నేర్చుకునేది ఆ తర్వాతే.

మా మేనల్లుణ్ణి అలాగే ఒకటి చెయ్యమన్నాను. కాసేపు గోళ్ళు కొరుక్కుని, "ఇంటినిండా ఉంటుంది, కంటికి కనపడదు, అది పోతే ఎవరి గదిలోంచి వాళ్ళు బయటికొచ్చేస్తారు" అన్నాడు. కరెంటు అన్నాను. కాదట, వైఫై అట. అన్నీ సరిపోయాయి కదరా, కరెంటు ఎందుక్కాదు అన్నాను. "కరెంటు పోతే చీకట్లో బయటికెలా వస్తారు మావయ్యా, కూర్చున్నచోటే అరుస్తారు" అన్నాడు. పగలు పోతే? అన్నాను. "పగలు పోతే వైఫై కూడా పోతుంది, అప్పుడు కూడా నాదే కరెక్టు."